ఇనె వెళ్ళేవాళ్ళకి: ఒక రాత్రి ఉండండి, ముందే ఫోన్ చేయండి

జపాన్ వచ్చి ఏడాది తిరక్కుండానే మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, అమ్మావాళ్ళు వస్తున్నారు, టోక్యో, క్యోటో, ఫుజీ అయిపోయాక ఇంకెక్కడికి తీసుకెళ్ళను? జనం తక్కువుండాలి, సముద్రం ఉంటే బాగుంటుంది." పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఈ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఒకటే, ఇనె వెళ్ళండి. క్యోటో అంటే మనకి గుళ్ళు, వెదురు తోట గుర్తొస్తాయి కానీ అదే క్యోటో ప్రిఫెక్చర్ ఉత్తరం కొస జపాన్ సముద్రం దాకా ఉంటుంది. అక్కడ తాంగో ద్వీపకల్పంలో రెండు వేల మంది జనాభా ఉన్న చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు ఇనె.

ఆ ఊళ్ళో ఇళ్ళు నీళ్ళలోకి గడప పెట్టుకుని ఉంటాయి. మాట వరసకి అనడం లేదు. కింది అంతస్తు పడవకి, పై అంతస్తు వలలకీ సామానుకీ, ఇప్పుడైతే మనుషులకి కూడా. వీటిని ఫునయా అంటారు, అంటే పడవ ఇల్లు. అఖాతం చుట్టూ అయిదు కిలోమీటర్ల ఒడ్డున దాదాపు 230 ఉన్నాయి, ఒకదాని భుజం ఒకటి ఆనుకుని. 2005లో జపాన్ ప్రభుత్వం ఈ వరసనంతా కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించింది. రోడ్డుకి సముద్రం వైపు ఫునయా ఉంటే, కొండ వైపు అదే కుటుంబం కాపురం ఉండే అసలు ఇల్లు ఉంటుంది. అంటే మీరు నడిచే రోడ్డు వాళ్ళ వంటింటికీ పడవకీ మధ్య ఉన్న వాకిలి అన్నమాట. ఇది గుర్తుంటే అక్కడ ఎలా మసలుకోవాలో సగం తెలిసిపోయినట్టే.

ముందు ప్రయాణం సంగతి. క్యోటో స్టేషన్ నుంచి హషిదాతె అనే ఎక్స్‌ప్రెస్‌లో అమనోహషిదాతె దాకా రెండు గంటలు, అక్కడి నుంచి ఊరి బస్సులో ఇంకో గంట. ఈ ఎక్స్‌ప్రెస్‌లు రోజుకి కొన్నే, కాబట్టి వెళ్ళే రైలు, వచ్చే రైలు రెండూ ముందే చూసుకోండి. దేశమంతా జేఆర్ కంపెనీల రైళ్ళు ఎక్కనిచ్చే జేఆర్ పాస్ గురించి చాలామంది పొరబడుతున్నారు. అది టూరిస్టుగా వచ్చినవాళ్ళకే, వర్క్ వీసా మీద ఉన్న మీకు రాదు, మీ అమ్మానాన్నలకి వస్తుంది. వాళ్ళకి కూడా ఈ ఒక్క ఊరి కోసం దండగ, 2023 అక్టోబరు నుంచి వారం పాస్ యాభై వేల యెన్‌లు చేశారు. పైగా ఫుకుచియామా దాటాక పట్టాలు వేరే కంపెనీవి, ఆ ముక్కకి జేఆర్ పాస్ చెల్లదు. అదే కన్సాయ్ వైడ్ పాస్ అయితే అమనోహషిదాతె దాకా చెల్లుతుంది, పెద్దవాళ్ళకి అది తీసుకోండి.

ఇలాంటి ఊళ్ళ బస్సు టోక్యో బస్సులా ఉండదు. వెనక తలుపు నుంచి ఎక్కుతారు, ఎక్కగానే అక్కడున్న పెట్టె లోంచి నంబరున్న చిన్న కాగితం లాక్కోవాలి, ముందు బోర్డు మీద ఆ నంబరు కింద ఎంత చూపిస్తే అంత దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న డబ్బాలో వేయాలి. మామూలుగా వెయ్యి నోటుకి అక్కడే చిల్లర వస్తుంది, పదివేల నోటుకి రాదు. కార్డు గీకేస్తే సరిపోతుందిలే అనుకుని వెళ్ళకండి, చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి. కారులో వెళ్దామనుకుంటే మన ఇండియా ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది కానీ దిగిన రోజు నుంచి ఏడాదే, ఆ తర్వాత జపాన్ లైసెన్సు ఉండాల్సిందే. ఊళ్ళో రోడ్డు సన్నం, ఒక కారు వస్తే ఇంకోటి ఆగాలి. డబ్బులు తీసుకునే పార్కింగ్‌లో పెట్టేసి నడవండి, ఎవరి ఇంటి ముందూ "రెండు నిమిషాలే" అని ఆపకండి.

మొదటిసారి నేను ఇద్దరు ఫ్రెండ్స్‌తో పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామని బయల్దేరాను. మధ్యాహ్నం మూడింటికి చేరేసరికి భోజనం పెట్టే రెండు మూడు చోట్లా వంట అయిపోయింది. ఫోటోలు తీసుకుని, ఆకలితో చివరి బస్సు పట్టుకుని వచ్చేశాం. ఊరు చూశామని చెప్పుకోవడమే తప్ప చూసిందేమీ లేదు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా అక్కడ కనిపించేది మనలాంటి వాళ్ళే, ఊరివాళ్ళు కాదు. వాళ్ళ రోజు తెల్లవారుజామున మొదలై చీకటి పడగానే అయిపోతుంది. అందుకే చెప్తున్నాను, ఒక రాత్రి ఉండండి. ఉండలేకపోతే అమనోహషిదాతె వరకు చూసి వెనక్కి వచ్చేసినా నష్టం లేదు. అది కూడా గొప్ప చోటే, సముద్రంలో 3.6 కిలోమీటర్ల ఇసుక దారి, నిండా పైన్ చెట్లు. జపాన్ వాళ్ళు తరతరాలుగా తమ దేశంలో మూడు మంచి దృశ్యాలు చెప్పమంటే చెప్పే వాటిలో ఒకటి. పేరుకి అర్థం ఆకాశంలో వంతెన. కొండెక్కి, వంగి, కాళ్ళ మధ్య నుంచి తలకిందులుగా చూస్తే నిజంగానే ఆకాశంలో వంతెన వేసినట్టు కనిపిస్తుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మాత్రం ఆ పని చేయమనకండి.

ఇక బస. ఇనెలో హోటళ్ళు కావు, మిన్‌షుకులు ఉంటాయి, అంటే ఒక కుటుంబం తమ ఇంట్లో నాలుగు గదులు అద్దెకిచ్చి రెండు పూటలా భోజనం పెట్టడం. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు, నేనూ చేశాను. 2023 మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు బుకింగ్ పేజీలో వెజిటేరియన్ అని ఒక ముక్క రాసి ఊరుకున్నాను. నాన్న చేపలు తింటారు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. సాయంత్రం ఆరింటికి భోజనం పెట్టారు. అమ్మ ముందు పెట్టినవన్నీ కూరగాయలే, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో. ఉడికించిన గుమ్మడి ముక్కలు, వంకాయ, సూప్. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నావైపు చూసింది. "ఒరేయ్, ఇందులో నీచు వాసన వస్తోందిరా."

దాషి. ఈ ఒక్క మాట నేర్చుకోండి. ఎండబెట్టిన చేపని తురిమి మరగబెట్టిన నీళ్ళు అవి, ఇక్కడ కూరలో, సూప్‌లో, నూడుల్స్ పులుసులో, చివరికి కొన్ని ఊరగాయల్లో కూడా ఉంటాయి. చేప ముక్క కంటికి కనిపించదు కాబట్టి వాళ్ళ లెక్కలో అది కూరగాయల వంటే. వాళ్ళేమీ మోసం చేయలేదు, నేనే సరిగ్గా చెప్పలేదు. ఆ ఇంటావిడ, ఒకామి సాన్ అంటారు, గది గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని విషయం విని, ముఖం చిన్నబుచ్చుకుని, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళింది. ఇరవై నిమిషాలకి వేడి తెల్లన్నం, అల్లం తురుము వేసిన చల్లటి తోఫు, ఉప్పు రాసిన దోసకాయ, ఒక ఉమెబోషి పట్టుకొచ్చింది. ఉమెబోషి అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పులుపు కాయ, అమ్మకి మన ఊరేసిన ఉసిరికాయలా అనిపించి ఇంకోటి అడిగి మరీ తింది. నేను ఆవిడని అడిగి, ఒప్పుకున్నాకే అమ్మ సంచిలోంచి కందిపొడి డబ్బా తీసింది. ఒకామి సాన్ వాసన చూసి "గోమా?" అని అడిగింది, నువ్వులా అని. అమ్మకి జపనీస్ రాదు, ఒక చెంచాడు పొడి తీసి ఇచ్చింది, ఆవిడ రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకుంది, మనం తీర్థం తీసుకున్నట్టు.

కాబట్టి కనీసం వారం ముందు ఫోన్ చేయండి. "నికు, సకానా, సకానా నో దాషి, జెంబు తబెరరెమాసెన్" అని చెప్పండి, అంటే మాంసం, చేప, చేప దాషి ఏవీ తినలేం అని. "కొంబు దాషి వా దైజోబు" అని కూడా కలపండి, సముద్రపు నాచుతో చేసేది పర్వాలేదని. ఫోన్‌లో జపనీస్ మాట్లాడాలంటే టెన్షన్ అయితే ఆఫీసులో ఎవరినైనా చేయమని అడగండి, సంతోషంగా చేస్తారు. ఊరంతా చేపల మీద బతికే చోట చేప లేకుండా వండడం వాళ్ళకి కష్టమే, కొందరు మా వల్ల కాదని ముందే చెప్పేస్తారు, అది మర్యాద తక్కువ అనుకోకండి. చేపలు తినేవాళ్ళకైతే ఆ ఊరు పండగే. చలికాలంలో అక్కడి బురి చేపకి దేశమంతా పేరు. కానీ ఆ కాలంలో వానా మంచూ కలిసి పడతాయి, అన్నం డబ్బా మరిచిపోయినా పర్లేదు గొడుగు మరవకు అని అక్కడ సామెతే ఉంది. పెద్దవాళ్ళతో అయితే మే గానీ అక్టోబరు గానీ మంచిది.

ఇంట్లో పాటించాల్సినవి కొన్ని. చాప పరిచిన గదిలోకి స్లిప్పర్లతో వెళ్ళకూడదు, బాత్రూం స్లిప్పర్లు బాత్రూంలోనే వదలాలి. స్నానం ముందు బయట కూర్చుని ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి, దిగాక నీళ్ళు వదిలేయకూడదు, అవే నీళ్ళు తర్వాత వచ్చేవాళ్ళకి. యుకతా, అంటే స్నానం అయ్యాక వేసుకునే పొడుగు నూలు అంగీ, కట్టుకునేటప్పుడు ఎడమ వైపు అంచు పైకి రావాలి. తిరగేసి కట్టేది శవానికి మాత్రమే, అందుకే ఎవరైనా కంగారుగా సరిచేయడానికి వస్తే ఉలిక్కిపడకండి. రాత్రి తొమ్మిది దాటాక నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుంది. కిటికీ దగ్గర నిలబడి ఇండియాకి స్పీకర్ పెట్టి వీడియో కాల్ చేస్తే అఖాతం అవతలి ఇంట్లో కూడా వినిపిస్తుంది, ఈ ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి.

నాన్న సంగతి చెప్పాలి. మాది నాగాయలంక వైపు. 1977 నవంబరు ఉప్పెన చూసిన మనిషి, సముద్రం పక్కన ఇల్లంటేనే ఆయనకి గుండె జారుతుంది. మేం దిగిన ఫునయాలో కింది అంతస్తు నేల వాలుగా నీళ్ళలోకి దిగుతుంది, చిన్న అల వస్తే పలక మీద చప్పుడు వినిపిస్తుంది. ఆయన మెట్ల మీదే ఆగిపోయి, "నీళ్ళలోకి గడప కట్టారేంట్రా వీళ్ళు? పోటు వస్తే?" అన్నారు. ఆ ఇంటి పెద్దాయన అక్కడే పడవ తాడు సర్దుకుంటున్నాడు. నేను అడిగితే ముందు అఖాతం మూతి దగ్గరున్న చిన్న దీవిని చూపించాడు, అఒషిమా, అది అడ్డం ఉండి పెద్ద అలల్ని ఆపేస్తుంది. తర్వాత మూడు వైపులా ఉన్న కొండలు చూపించాడు. ఆ తర్వాత బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు కొలిచి చూపించాడు, జపాన్ సముద్రంలో ఆటుకీ పోటుకీ రోజూ ఉండే తేడా అంతే. మన వైపు పోటొచ్చాక పడవ ఎక్కడ కట్టామో మళ్ళీ వెతుక్కోవాలి. నాన్న ఆ జానెడు వంక చాలాసేపు చూశారు, చివరికి కిందకి దిగి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

మర్నాడు అయిదింటికి నేను లేచేసరికి ఆయన అక్కడే ఉన్నారు. పక్కింటి ముసలావిడ గుమ్మంలోంచి తాడు లాగి నీళ్ళలో వదిలిన బోను పైకి తీస్తోంది. మోందోరి అంటారు దాన్ని, మిగిలిన చేప ముక్కలు ఎరగా వేసి ఇంటి ముందే ముంచేస్తారు, పొద్దున్న ఏం పడితే అది కూర. కాసేపటికి పడవలు వచ్చాయి, ఊరివాళ్ళు బకెట్లు పట్టుకుని రేవుకి పోయారు. దూరంగా నిలబడి చూడొచ్చు, వాళ్ళ పనికి అడ్డం పడకుండా, మొహాల్లోకి ఫోన్ పెట్టకుండా. అందరి ఫునయాలూ చూడ్డానికి తెరిచి ఉండవు, తలుపు తీసి ఉందని లోపలికి తొంగి చూడకండి. చెత్త డబ్బాలు కనపడవు, మీ చెత్త మీ సంచిలోనే. చేతిలో తిండి పట్టుకుని ఒడ్డున నడవకండి, ఇక్కడి గద్దలు వెనక నుంచి వచ్చి తన్నుకుపోతాయి. అఖాతంలో అరగంట లోపు తిప్పే పడవ ఉంది, పెద్దవాళ్ళకి అది చాలు.

టైం ఉంటే అదే మండలంలో ఉన్న ఉరా జింజా గుడికి వెళ్ళండి, 825లో కట్టిన గుడి అని చెప్తారు. అక్కడి కథ ఏంటంటే, ఉరషిమా అనే జాలరి సముద్రం అడుగున ఉన్న లోకానికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చేసరికి ఊళ్ళో మూడు వందల ఏళ్ళు గడిచిపోయాయట. అమ్మ వినగానే "ఇది రేవతీదేవి కథే కదరా" అంది. భాగవతంలో కకుద్మి కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళి కాసేపు ఆగితే భూమి మీద యుగాలు దాటిపోవడం, ఆఖరికి ఆ అమ్మాయిని బలరాముడికి ఇవ్వడం. తిరిగి వచ్చే దారంతా అమ్మ ఆ కథే చెప్పింది.

ఇంకొకటి, ఇది సరదా కాదు. ఎంత నెమ్మదైన అఖాతమైనా ఇది భూకంపాల దేశం, 1927లో ఈ తాంగో ప్రాంతంలోనే పెద్ద భూకంపం వచ్చి దాదాపు మూడు వేల మంది పోయారు. దిగగానే ఎత్తుకి వెళ్ళే దారి ఎటో ఇంటివాళ్ళని అడగండి. గట్టిగా ఊగితే, లేదా ఎక్కువసేపు ఊగితే, సైరన్ కోసం చూడకుండా, సామాను తీసుకోకుండా పైకి వెళ్ళిపోండి. సాయంత్రం అయిదింటికి స్పీకర్లలో పాట వస్తే మాత్రం కంగారు పడకండి, పిల్లలు ఇళ్ళకి వెళ్ళే వేళ అయిందని వేసేది అది.

2024 జనవరి 1న నోతోలో భూకంపం వచ్చి, జపాన్ సముద్రం ఒడ్డు పొడవునా సునామీ హెచ్చరికలు వచ్చినప్పుడు మొదట ఫోన్ చేసింది నాన్న. నేనెలా ఉన్నానో కనుక్కున్నాక రెండో మాట, "ఆ నీళ్ళ ఇంటివాళ్ళు పైకి వెళ్ళారా?" లైన్లు ఖాళీగా ఉంచాలని ఆ రోజు చేయలేదు, మూడో రోజు చేశాను. ఒకామి సాన్ తీసింది. అందరూ కొండ మీదికి వెళ్ళి చీకట్లో కూర్చున్నారట, మామగారిని వీపు మీద మోసుకెళ్ళారట, ఇంటికేం కాలేదట. అవన్నీ చెప్పాక, మీ అమ్మగారు బాగున్నారా, ఆ పొడి ఎలా చేస్తారో కనుక్కుని చెప్తారా అని అడిగింది. ఫిబ్రవరిలో అమ్మ చేసి పంపింది, వెల్లుల్లి తక్కువ వేసి.