కొబ్బరి మట్టల ఎత్తా, నేల ఎత్తా?

ప్రశ్న: మాది కాట్రేనికోన మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మా అబ్బాయి కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి మా ఇంటి మీద బాణం ఉంచితే సముద్రమట్టానికి 8 మీటర్ల ఎత్తు అని చూపింది. దారికి అవతలి వరిచేను మాత్రం 2 మీటర్లేనట. 1996 నవంబరు తుపానులో ఉప్పునీరు మా అరుగును తాకిందని మా అమ్మ చెబుతుంది. ఈ రెండింటిలో దేనిని నమ్మాలి?

జవాబు: మీ అమ్మగారి మాటనే నమ్మండి. తెర మీద మీరు చూసే భూగోళం ఒకే వస్తువులా కనిపించినా, అందులో ఎత్తుల పట్టిక ఒకటి, దాని మీద పరిచిన ఫొటో మరొకటి. అవి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పరికరాలతో తీసినవి. ప్రపంచంలో చాలా ప్రాంతాల ఎత్తులకు ఆధారంగా నిలిచిన కొలత 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో జరిపినది. అందులో వాడిన తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి, దట్టమైన కొబ్బరితోట మీద పడినప్పుడు అది చాలావరకు మట్టల నుంచే వెనక్కి తిరుగుతుంది గాని నేల దాకా దిగదు. అంటే మీ అబ్బాయి చూసిన 8 మీటర్లలో మీ ఇంటి నేల కొంత, మీ పెరటి చెట్లు చాలా.

పైగా ఆ పట్టికలో ఒక్కొక్క గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అనగా మన లెక్కలో ఇంచుమించు 22 సెంట్లు. ఇల్లు, పాక, చెట్లు, బోదె గట్టు అన్నీ కలిసి ఆ 22 సెంట్లకు ఒకే అంకె వస్తుంది. ఫిబ్రవరి అంటే డెల్టాలో దాళ్వా (రెండో పంట) చేలలో నీరు నిలిచి ఉండే కాలం. నిలిచిన నీరు అద్దంలా కిరణాన్ని పక్కకు చిమ్ముతుంది కాబట్టి చేను మీది 2 మీటర్లను కూడా శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు. కావాలంటే బాణాన్ని పంటకాలువ వెంట నెమ్మదిగా నడిపించి చూడండి: తోటల మధ్యకు రాగానే అంకె పెరుగుతుంది, చేల మధ్యకు రాగానే తగ్గుతుంది. ఆ అంకెలే నిజమైతే మన కాలువ ఊరూరా మెట్లెక్కి దిగుతూ పారాలి!

ఇది వినోదానికి చెప్పడం లేదు. సముద్రం ఒక మీటరు పెరిగితే ఏ నేల మునుగుతుందో చూపే పటాలను ఇలాంటి ఎత్తుల మీద గీసినప్పుడు, చేలన్నీ నీలంగా, కొబ్బరితోటలోని ఇళ్లన్నీ క్షేమంగా కనిపిస్తాయి. క్లైమేట్ సెంట్రల్ అనే అమెరికా సంస్థ శాస్త్రవేత్తలు ఈ చెట్ల పొరపాటును సవరించి 2019లో లెక్క వేయగా, ప్రపంచంలో పోటు నీటిమట్టం కన్నా దిగువన నివసించేవారి సంఖ్య పాత ఎత్తుల ప్రకారం వచ్చిన 2.8 కోట్ల నుంచి 11 కోట్లకు చేరింది. నేల అంగుళం కూడా కుంగలేదు, కొలత మాత్రమే మారింది. మీకు నికరమైన ఎత్తు కావాలంటే, దగ్గరలోని సర్వే బెంచ్‌మార్కు (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) నుంచి లెవెల్ యంత్రంతో కొలిపించడమే మార్గం. మీ అరుగు మీది తుపాను గుర్తును కూడా ఆ విధంగా కొలిపించి, ఏడాదితో సహా గూగుల్ ఎర్త్‌లో ఒక గుర్తుగా నమోదు చేసుకోండి.

ప్రశ్న: అంతర్వేది తీరాన్ని పాత ఫొటోల్లో చూస్తే ఒక ఏడాది సముద్రం ముందుకు వచ్చినట్లు, మరుసటి ఏడాది వెనక్కి వెళ్లినట్లు ఉంది. అది నిజమేనా?

జవాబు: కొంత నిజం కావచ్చు, కొంత పోటుపాట్ల మాయ. ల్యాండ్‌శాట్ వంటి ఉపగ్రహం ఎప్పుడు వచ్చినా ఉదయం పది గంటల ప్రాంతంలోనే మన మీదుగా పోతుంది. పోటు మాత్రం రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందువల్ల ఒక ఫొటో పోటులో, మరొకటి పాటులో పడుతుంది. మన తీరం వాలు ఎంత తక్కువో పల్లిపాలెం మత్స్యకారులను అడిగితే చెబుతారు: నీరు మూరెడు దిగితే ఇసుక ఎంతో దూరం బయటపడుతుంది. కాబట్టి తడి అంచును కాక సరుగుడు తోట అంచును గాని, లైట్‌హౌస్ నుంచి దూరాన్ని గాని పోల్చండి. అదీ రెండు ఫొటోలతో తేల్చక, కింద కనిపించే తేదీ చూసుకుంటూ, ఒకే ఋతువులోని నాలుగైదింటితో పోల్చండి. వానాకాలపు ఫొటోను వేసవి ఫొటో పక్కన పెట్టడం వల్లనే సగం గాభరా పుడుతోందని నా అనుమానం.

ప్రశ్న: గూగుల్ ఎర్త్‌లో పెట్టుకున్న గుర్తులు ఇతర చోట్ల పనికివస్తాయా?

జవాబు: వస్తాయి. వాటిని కె.ఎం.ఎల్. ఫైలుగా దాచుకోండి, 2008 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం కాబట్టి ఇతర పటాల సాఫ్ట్‌వేర్‌లలోనూ తెరుచుకుంటుంది. హైదరాబాదులోని ఇస్రో కేంద్రం 2009లో ప్రారంభించిన భువన్ అనే పటాల వెబ్‌సైటులో మన దేశపు ఉపగ్రహాల ఫొటోలు కూడా దొరుకుతాయి. ఒకే చోటును రెండింటిలోనూ చూడండి.