స్కెర్జో 72 దగ్గరే ఆగిపోతోంది... ఆడిషన్‌కు ఎనిమిది వారాలే

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో క్లారినెట్ పోస్టుకు ఎనిమిది వారాల్లో ఆడిషన్ ఉంది. మెండెల్‌సోన్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' స్కెర్జో (హుషారుగా పరుగెత్తే భాగం) బార్‌కు 72 వరకు, అంటే నిమిషానికి 72 బార్ల (తాళపు గడుల) వేగం దాకా శుభ్రంగా వస్తోంది. ఆపైన వేళ్లూ నాలుకా కలవడం లేదు. రోజూ మెట్రోనోమ్ ఒక్కో అంకె పెంచుతున్నా అక్కడే ఆగుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు మెట్రోనోమ్ పెంచడం ఆపండి. 72 దగ్గర ఆగుతున్నది వేళ్లా, నాలుకా, రెండింటి పొత్తా అన్నది తేలకుండా ఎంత సాధన చేసినా తప్పే గట్టిపడుతుంది.

లెక్క చూద్దాం. 3/8 బార్‌లో ఆరు సిక్స్‌టీన్త్ నోట్లు పడతాయి. మీరు చేరాల్సిన వేగం బార్‌కు 84 అనుకుందాం. అంటే క్వార్టర్‌కు (నాలుగు సిక్స్‌టీన్త్‌ల నిడివికి) 126 వేగంతో నాలుగేసి నోట్లు వాయించినట్టే. ఈ వేగంలోనే మూడు పరీక్షలు పెట్టుకోండి. ఒకటి, ప్యాసేజ్ మొత్తం స్లర్‌లో, అంటే నాలుక తాకించకుండా ఒకే ఊపిరిలో కలిపి వాయించండి. రెండు, అదే లయను ఓపెన్ జి (రంధ్రాలేవీ మూయకుండా వచ్చే నోటు) ఒక్కదాని మీద నాలుకతో పలికించండి. మూడు, రెండూ కలపండి. మొదటిది తడబడితే లోపం వేళ్లది, రెండోది తడబడితే నాలుకది. రెండూ బాగుండి మూడోదే చెడితే కలయికది. మీరు రాసినదాన్ని బట్టి మూడోదే కావచ్చు, అయినా పరీక్ష మానకండి.

వేళ్ల లోపమైతే ప్యాసేజ్ మొత్తం చెడ్డదని అనుకోవద్దు. చెడేది సాధారణంగా ఏదో రెండు నోట్ల మధ్యే. ఆ జంటను పట్టుకుని పదిసార్లు అటూ ఇటూ స్లర్ చేయండి, తర్వాత ముందొక నోటు, వెనకొక నోటు చేర్చండి. త్రోట్ నోట్లు (దాదాపు రంధ్రాలన్నీ తెరిచి వాయించే మధ్య స్థాయి నోట్లు) 'ఏ', 'బి ఫ్లాట్' నుంచి పై బి, సి లకు దాటే చోటు అనుమానించదగ్గది. ఒక్క వేలు మీదున్న చెయ్యి ఒక్కసారిగా రంధ్రాలన్నీ మూయాలి కదా! త్రోట్ నోటు మోగుతున్నప్పుడే కుడిచేతి వేళ్లను ముందుగా మూసి ఉంచితే సగం పని తప్పుతుంది. చిటికెన వేళ్ల సంగతీ చూసుకోండి. మామూలు క్లారినెట్‌లో 'ఈ ఫ్లాట్' నోటు కీ కుడివైపే ఉంటుంది. కాబట్టి 'సి' తర్వాత 'ఈ ఫ్లాట్' వస్తే సిని ఎడమ చిటికెన వేలితో పట్టాలి. లేకపోతే వేలు జారాల్సిందే, జారే వేలికి వేగం రాదు. పార్ట్ మీద 'ఎ', 'కు' అని పెన్సిల్‌తో రాసేసి, మళ్లీ మార్చకండి.

నాలుక లోపానికి ఎక్కువసార్లు కారణం ఊపిరే. స్టకాటో (నోట్లను విడివిడిగా, పొట్టిగా పలికించడం) అనగానే గాలిని కూడా ముక్కలు చేసేస్తారు. లాంగ్ టోన్ (ఒకే పొడవు నోటు) ఊదుతున్నట్టే గాలి సాగాలి, నాలుక కొన రీడ్ (నోటి దగ్గర కంపించే పలుచని రెల్లు పట్టీ) కొనను తాకీ తాకనట్టు తాకాలి. అద్దంలో దవడ కదులుతోందంటే నాలుక అవసరానికి మించి కదులుతున్నట్టే. మరీ గట్టి రీడ్ కూడా నాలుకను బరువెక్కిస్తుంది. ఒక బీట్ నాలుగు నోట్లు, తర్వాతి బీట్ మీద ఒక పొడవు నోటు, అంతే. రోజుకు ఐదేసి నిమిషాలు రెండుసార్లు చాలు. అలసిన నాలుకతో కొనసాగిస్తే లాభం లేదు.

ఇక కలయిక. క్వార్టర్‌కు 50కి దించండి. నోటు పలికించి, నాలుకను రీడ్ మీదే ఉంచి ధ్వని ఆపండి. గాలి ఒత్తిడి మాత్రం తగ్గకూడదు. ఆ నిశ్శబ్దంలోనే వేళ్లు తర్వాతి నోటుకు చేరాలి, ఆ తర్వాతే నాలుక వదలాలి. రెండూ ఒకేసారి కదపబోతే నోటు మొదట్లో చిన్న గీర వినిపిస్తుంది. ఈ వరస కుదిరాక వేగాన్ని మెట్లలా కాకుండా ముందుకీ వెనక్కీ నడపండి, క్వార్టర్‌కు 60, 72, 66, 80, 72, 88 ఇలా. మధ్యమధ్య వెనక నుంచి కట్టండి. చివరి బార్‌ను నేరుగా క్వార్టర్‌కు 126 వేగంతో వాయించి, దానికి ముందు బార్ చేర్చండి, తర్వాత ఇంకొకటి. ఇలా చేస్తే ముగింపు ఎప్పుడూ బాగా తెలిసిన చోటే అవుతుంది.

ఒక్క ప్యాసేజ్ మీద ఏకబిగిన 15 నిమిషాలు దాటకండి. సాయంత్రం మళ్లీ ఎత్తుకోండి. కుడి బొటనవేలు లేదా మణికట్టు నొప్పెడితే ఆ పూటకు ఆపేయాలి, నెక్‌స్ట్రాప్ వాడి చూడండి.

చివరి మూడు వారాలు పని మారుతుంది. చల్లగా ఉన్న వాద్యాన్ని తీసి, ఒకే ప్రయత్నంలో వాయించి రికార్డ్ చేయండి. లిస్టులో మొజార్ట్ కన్సర్టో ఉంటే 'ఏ' శ్రుతి క్లారినెట్‌తో అది వాయించి, వెంటనే 'బి ఫ్లాట్' క్లారినెట్ తీసుకుని స్కెర్జో మొదలుపెట్టండి. పక్కన పెట్టిన వాద్యం చల్లబడి శ్రుతి దిగుతుంది, రీడ్ ఆరుతుంది. ఈ ఇబ్బంది ఇంట్లోనే ఎదురవ్వాలి.

చాలా ఆర్కెస్ట్రాల్లో మొదటి రౌండ్ తెర వెనుకే. ప్యానెల్‌కు వినిపించేది లయ, శ్రుతి, నాదం. ఆడిషన్‌కు వారం ముందు రికార్డింగ్ విని, బార్‌కు 84లో నోట్లు అలుక్కుపోతుంటే 80కే స్థిరపడండి. లోపలికి వెళ్లాక మొదలుపెట్టే ముందు రెండు బార్లు ఆ వేగంలోనే మనసులో లెక్కపెట్టుకోండి.