హెలికాప్టరెక్కి లోయ చూడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి లాస్‌ వేగస్‌లో ఉంటాడు. జులైలో మేం వెళ్తే గ్రాండ్‌ కేన్యన్‌ లోయను హెలికాప్టర్లో చూపిస్తానంటున్నాడు. మా ఆయనకి మెళియాపుట్టి బస్సెక్కితేనే కడుపులో తిప్పేస్తుంది. వెళ్లమంటారా?
– ఒక గృహిణి, టెక్కలి

జవాబు: శుభ్రంగా వెళ్లండమ్మా. కాకపోతే పొద్దున్నే మొదటి ట్రిప్పు బుక్‌ చెయ్యమనండి. ఎండెక్కేకొద్దీ రాళ్లు కాలి, వేడిగాలి పైకి లేచి హెలికాప్టర్‌ను కుదిపేస్తుంది. వాంతుల మాత్ర డాక్టర్నడిగి ముందే వేయించండి. గాల్లోకి లేచాక వేస్తే ఏం లాభం?

అబ్బాయిని ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: కిందికి దించుతారా, పైనుంచే తిప్పి తెచ్చేస్తారా? నేషనల్‌ పార్కు ఉన్న సౌత్‌ రిమ్‌ (దక్షిణపు అంచు) వైపు హెలికాప్టర్లను లోయలోకి దిగనివ్వరు. అక్కడ లోతు కిలోమీటరున్నర, పైనుంచే చూడాలి. పడమటన హువాలపాయ్‌ తెగవారి నేల, వెస్ట్‌ రిమ్‌లో అయితే లోయ అడుక్కి, కొలరాడో నది దగ్గరకే దించే ట్రిప్పులున్నాయి. వేగస్‌కి దగ్గర కూడా అదే. నా ఓటు దానికే.

ఎక్కేముందు అందర్నీ తూకం వేస్తారు, సీట్లు ఆ బరువును బట్టే. కిటికీ పక్కనే కావాలని మీవారు పేచీ పెట్టినా వినరు. బట్టలు ముదురు రంగువి వేసుకోండి, తెల్లవైతే అద్దంలో మెరిసి ఫొటోలు పాడౌతాయి. చీరైతే కొంగుకి పిన్ను తప్పదు. చుడీదారైతే ఆ బెంగే లేదు.