మూత్రం శాంపిల్‌లో ఆక్వాపోరిన్-2 బ్యాండ్ రాకపోతే

ఆక్వాపోరిన్-2 అంటే కిడ్నీలో నీటిని వెనక్కి పీల్చుకునే ప్రోటీన్. విజయవాడలో తీసిన మూత్రం శాంపిళ్లను గుంటూరు ల్యాబ్‌లో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజును బట్టి బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేస్తే ఆరోగ్యవంతుల శాంపిల్‌లోనూ బ్యాండ్ రావట్లేదంటే జబ్బు వల్ల కాదండీ, ప్రోటీన్ ట్యూబులోనే చిక్కుకుపోయి ఉంటుంది.

1. విజయవాడలో శాంపిల్ తీసుకున్న వెంటనే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములను ఆపేది) కలపండి. గుంటూరు ల్యాబ్ చేరేదాకా ఐస్‌లోనే ఉండాలి. ఈ ఎండల్లో ఇందులో రాజీ వద్దు.

2. నిల్వ ఉంచేటప్పుడు మైనస్ 20 డిగ్రీల్లో పెట్టకండి, మైనస్ 80 కావాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే: కరిగాక గట్టిగా వోర్టెక్స్ చేయడం (ట్యూబును యంత్రం మీద వేగంగా కుదపడం). మూత్రంలో ఆక్వాపోరిన్-2 ఎక్సోజోముల్లో (కణాలు బయటకు వదిలే అతి చిన్న సంచుల్లో) ఉంటుంది. గడ్డకట్టి కరిగినప్పుడు అవి అడుగున తెల్లటి మడ్డిలోనూ, ట్యూబు గోడలకూ పట్టుకుంటాయి. రెండుసార్లు తలకిందులు చేస్తే వదలవు. మడ్డి పూర్తిగా చెదిరేదాకా వోర్టెక్స్ చేసి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి.

నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్ (కిడ్నీలు నీటిని నిలుపుకోలేని జబ్బు) ఉన్నవాళ్ల మూత్రం బాగా పల్చన. అందుకే క్రియాటినిన్ (మూత్రంలో పోయే ఒక వ్యర్థం) లెక్కతో శాంపిల్ లోడ్ చేయండి. 29 కిలోడాల్టన్ల దగ్గర ఒక బ్యాండ్, 35–50 మధ్య వెడల్పుగా ఇంకొకటి కనబడాలి.