తిరుపతిలో పాత రచయితల సంఘం చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ నాన్నగారు తిరిగిన రచయితల సంఘం గురించి చిన్న పుస్తకం తేవాలని ఉందనీ, మీటింగుల వివరాలు రాసే మినిట్స్ పుస్తకం దొరక్క ఆగిపోయామనీ అడిగారు. మా సంఘానికి ఆ పని చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. మినిట్స్ పుస్తకం కోసం ఆగకండి. మా సంఘానిది మాకు దొరికింది. అధ్యక్షత ఎవరు, వందన సమర్పణ ఎవరు అన్నది తప్ప అందులో ఏమీ లేదు. ఆ పూట ఏ కథ చదివారు, దానిమీద ఎవరేమన్నారు, ఎవరు అలిగి లేచిపోయారు? నా లెక్కలో సంఘం చరిత్ర అంటే అదీ.

ముందు పోస్టుకార్డులు వెదకండి. ఇంటింటికీ ఫోన్లు రాకముందు మీటింగు కబురు కార్డుముక్క మీదే పోయేది. మన పక్క రాసేవాళ్లలో బడిపంతుళ్లు ఎక్కువ. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మధురాంతకం రాజారాంగారు కూడా దామలచెరువులో ఉంటూ పంతులుగా పనిచేసినవారే. అందుకే మా మీటింగులన్నీ ఆదివారాలే. పాకాల, పుత్తూరు, కాళహస్తి నుంచి బస్సుల్లో వచ్చి సాయంత్రానికి తిరిగిపోయేవాళ్లు. కాబట్టి మీక్కావలసిన కాగితాలు తిరుపతిలో కాదు, ఆ ఊళ్లలో ఉంటాయి. మాకు చాలా కార్డులు పుస్తకాల్లో పేజీ గుర్తుకు పెట్టినవే దొరికాయి. కొందరు మిగిలిన కాస్త జాగాలో, విన్న కథ గురించి రెండు ముక్కలు రాసుకున్నారు. వంద పేజీల మినిట్స్ కన్నా ఆ రెండు ముక్కలు విలువైనవి.

ఒక చిక్కుంది. కార్డుమీద వారం, తేదీ వేస్తారు, సంవత్సరం వేయరు. పోస్టాఫీసు ముద్ర చెరిగిపోయి ఉంటే పాత క్యాలెండర్లు ముందేసుకోండి. ఒక తేదీకి అదే వారం మామూలుగా ఐదేళ్లకో, ఆరేళ్లకో, పదకొండేళ్లకో మళ్లీ వస్తుంది. ఇరవై ఏళ్లలో మహా అయితే మూడు నాలుగు సంవత్సరాలే మిగులుతాయి. వక్త పేరు పక్కనున్న ఉద్యోగంలో ఆయన ఏ ఏళ్లలో ఉన్నారో చూస్తే అందులో ఏదో తేలిపోతుంది.

సంఘం ఎవరు పెట్టారన్న తగువు ఎలాగూ వస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితం చూపించి తీర్చేయకండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సొసైటీకి కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. ఆ ఏడుగురే స్థాపకులని అనుకోడానికి లేదు. చాలా సంఘాలు ఎన్నో ఏళ్లు నడిచాకే రిజిస్టరు అవుతాయి.

అచ్చయిన కథల కోసం శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయాన్ని అడగండి.

జిల్లా హద్దుల మాట కూడా చెప్పాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అంతమాత్రాన అక్కడినుంచి వచ్చి కథలు చదివిన పాతవాళ్లను 'మన జిల్లా కాదు' అని పుస్తకంలోంచి తీసేయకండి. వాళ్లు రాసింది, చదివింది ఉమ్మడి చిత్తూరులోనే.

నాకు బాగా బాధ కలిగించింది ఆడవాళ్ల విషయం. పత్రికల్లో పేర్లున్నవాళ్లు కూడా మా మినిట్స్‌లో లేరు. వాళ్లలో ఒక పెద్దావిడను కలిశాం. చర్చ సాగీసాగీ ఆఖరి బస్సు దాటిపోయేదట, అందుకని రావడం మానుకున్నారట. కథలు మాత్రం మానలేదు. మా పుస్తకంలో ఆమెకు ఒక అధ్యాయమే ఇచ్చాం. మీరూ అలాంటివాళ్లను వెదకండి. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు 'సంఘం ఎప్పుడు పెట్టారు?' అని అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. వాళ్ల పాత కథ అచ్చయిన పేజీ చేతికిచ్చి, 'ఇది చదివిన రోజు ఏం జరిగిందమ్మా?' అని అడగండి.

కాగితాలు ఇంటికి తెచ్చుకోకండి. వాళ్ల ఎదుటే ఫోటోలు తీసుకుని అక్కడికక్కడే ఇచ్చేయండి. ఇల్లు మారేటప్పుడు సంచులకు సంచులు పాతపేపర్ల అంగడికి పోతున్నాయి. అందరికన్నా పెద్దవయసు వాళ్ల ఇంటికి ఈ ఆదివారమే బయల్దేరండి.