మైటోకాండ్రియా అమ్మ నుంచే వస్తాయి కదా, మరి ఈ జబ్బూ అమ్మదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హన్మకొండ. మా తమ్ముడికి 34 ఏళ్లు. నడుస్తుంటే ఎడమ కాలి వేళ్లు వంకరపోతున్నాయి, చెయ్యి వణుకుతోంది. పార్కిన్సన్ జబ్బన్నారు. జీన్ టెస్ట్‌లో పార్కిన్ జన్యువు రెండు కాపీలూ చెడిపోయాయని వచ్చింది, దానివల్ల కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పాడవుతాయన్నారు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయని ఎక్కడో చదివి, మా బాబాయి ఇదంతా అమ్మ వల్లేనని నలుగురిలో అంటున్నాడు. అమ్మ సరిగా అన్నం కూడా తినడం లేదు. అమ్మానాన్నలది మేనరికం. నా పిల్లలకూ వస్తుందా? మైటోకాండ్రియాకు బలమని కోక్యూటెన్ బిళ్లలు వాడమంటున్నారు, వాడొచ్చా?

జవాబు: ముందు అమ్మగారిని కడుపునిండా తినమనండి. మీ బాబాయి చదివింది సగం నిజం. మైటోకాండ్రియాకు సొంతంగా 37 జన్యువులున్నాయి, అవి తల్లి నుంచే వస్తాయి. కానీ మైటోకాండ్రియా పనిచేయడానికి వెయ్యికి పైగా ప్రొటీన్లు కావాలి, వాటిలో దాదాపు అన్నింటి జన్యువులూ కణకేంద్రకంలోనే ఉంటాయి, అవి తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి. పార్కిన్ అలాంటిదే, ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండు కాపీలూ చెడ్డాయంటే ఒకటి నాన్నగారిది. పైగా మేనరికం కాబట్టి ఆ రెండూ అమ్మానాన్నలిద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే పెద్దవారి నుంచి దిగివచ్చి ఉండొచ్చు, అంటే మీ బాబాయి వేలు చూపించేది చివరికి తన చుట్టాల వైపే.

ఇక పార్కిన్ చేసే పని. మైటోకాండ్రియా పాడైతే దాని పొర మీద ఉండాల్సిన విద్యుత్ తేడా పడిపోతుంది. మామూలుగా లోపలికి వెళ్లి కరిగిపోయే పింక్‌1 అనే ప్రొటీన్ అప్పుడు లోపలికి వెళ్లలేక బయటి పొర మీదే పేరుకుంటుంది, పార్కిన్‌ను పిలుస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో తడిసిన మిర్చి బస్తా మీద గుర్తు పెట్టి పక్కకు లాగినట్టు, పార్కిన్ ఆ మైటోకాండ్రియా మీద యుబిక్విటిన్ అనే గుర్తు వేస్తుంది, కణం దాన్ని అరిగించేస్తుంది. పార్కిన్ లేకపోతే ఆ చెత్త అక్కడే ఉండి కణాన్ని దెబ్బతీస్తుంది. ఈ జన్యువును 1998లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు, పింక్‌1 సంగతి 2004లో తెలిసింది. దానిలో లోపమున్నా దాదాపు ఇదే జబ్బు.

మరి శరీరమంతా మైటోకాండ్రియా ఉంటే ఈ జబ్బులో మెదడులో కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే ఆ కొన్ని కణాలే ఎందుకు చస్తాయి? వాటికి విపరీతంగా కొమ్మలుంటాయి, ఎవరూ అడగకపోయినా నిరంతరం విద్యుత్ సంకేతాలు పంపుతూనే ఉంటాయి, శక్తి ఖర్చు చాలా ఎక్కువ. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కల్తీ మాదకద్రవ్యం ఎక్కించుకున్న కొందరు యువకులు ఉన్నట్టుండి పార్కిన్సన్ రోగుల్లా బిగుసుకుపోయారు. అందులోని ఎంపీటీపీ అనే పదార్థం శరీరంలో మారి మైటోకాండ్రియాలో శక్తి తయారీకి కావాల్సిన ఒకటో కాంప్లెక్స్ అనే ప్రొటీన్ల గుంపును ఆపేస్తుందని తేలాకే మైటోకాండ్రియాకూ పార్కిన్సన్‌కూ ఉన్న సంబంధం మీద అందరి కన్నూ పడింది. అయితే అరవై దాటాక పార్కిన్సన్ వచ్చేవారిలో చాలామందికి ఇలాంటి ఒకే జన్యువు కారణం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

మీకు జబ్బు లేకపోతే, ఒక చెడ్డ కాపీ మోసే అవకాశం మూడింట రెండు వంతులు. ఒక్క కాపీతో సాధారణంగా ఈ జబ్బు రాదు. పిల్లలకు రావాలంటే మీ ఆయన దగ్గరా చెడ్డ కాపీ ఉండాలి. ఆయన బయటి సంబంధమైతే భయం చాలా తక్కువ, ఆయనా మేనబావే అయితే మాత్రం ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జన్యు జబ్బులు చూసే మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

కోక్యూటెన్ మీద డబ్బు పెట్టకండి. అమెరికాలో 600 మంది పార్కిన్సన్ రోగుల మీద రోజుకు 1200, 2400 మిల్లీగ్రాములు ఇచ్చి చూసి, లాభం కనపడక మధ్యలోనే ఆపేశారు, 2014లో ఆ ఫలితం అచ్చయింది. పార్కిన్ లోపం ఉన్నవారికి లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే మందు) తక్కువ డోసుకే బాగా పనిచేస్తుంది, కానీ ఒళ్లు మెలికలు తిరగడం కూడా తొందరగా మొదలవ్వొచ్చు, కాబట్టి డోసు పెంచినా తగ్గించినా న్యూరాలజిస్ట్ చెప్పాకే.