సైకిల్ సందేహాలు: పెన్సిల్ పట్టేంత సందు ఉందా?

హనుమకొండ చౌరస్తా దగ్గర సైకిల్ దుకాణం నడుపుతున్న మెకానిక్ ఈసారి పాఠకులకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. నాకు 24 ఏళ్లు, బరువు 68 కిలోలు. రెండేళ్ల కింద 27.5 సైజు మౌంటెన్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టైర్ల మీద 27.5 × 2.10 అని ఉంది. రెండూ అరిగిపోయాయి. రోజూ డ్యూటీకి పోను 9, రాను 9 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. ఆదివారం మాత్రం దోస్తులతో చెరువు కట్టలు, మొరం బాటలు, ఒక్కోసారి దేవునూరు గుట్టల దాకా పోతాం. దోస్తులేమో 2.4 వేయించు, బండి పులిలా ఉంటుంది అంటున్నారు. మా ఆఫీసులో ఒక సార్ 1.95 వేసుకో, తేలిగ్గా పోతుంది అన్నారు. మంచి టైర్లు రెండు కొనడమంటే నా జీతంలో పెద్ద ఖర్చే. ఒకసారి కొన్నాక మళ్లీ మార్చలేను. టెన్షన్‌గా ఉంది. ఏ వెడల్పు తీసుకోవాలో తేల్చి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, డబ్బు తీసే ముందు నీ సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టు. ఇంట్లో ఉన్న మామూలు పెన్సిల్ ఒకటి తెచ్చుకో. వెనక చక్రానికి చెరో పక్కన గొలుసు వెంట పోయే గొట్టాలుంటాయి కదా, టైరుకూ ఆ గొట్టానికీ మధ్య పెన్సిల్ దూర్చి చూడు. సీటు కింది నుంచి దిగే గొట్టాల దగ్గర, ముందు ఫోర్కు వంపు కింద కూడా అలాగే చూడు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చూడాలి. రిమ్ము ఏ కొంచెం వంకర ఉన్నా ఒకచోట సందు ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉంటుంది. తక్కువ ఉన్న చోటే లెక్క.

పెన్సిల్ మందం దాదాపు 7 మి.మీ. నీ టైరు మీది 2.1 అంటే అంగుళాలు, అంటే వెడల్పు సుమారు 54 మి.మీ., 2.25 అయితే 57. అంటే ఒక్కో వైపు ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది. ఇప్పుడు పెన్సిల్ పడుతుంటే అప్పటికీ అయిదున్నర మిగులుతుంది, అది చాలు. 2.4 అంటే 61. ఒక్కో వైపు మూడున్నర పోయి మూడున్నరే మిగులుతుంది. దుకాణంలో నిలబెట్టి తిప్పితే చక్కగా తిరుగుతుంది, బాట మీదికి పోయాకే తెలుస్తుంది. చక్రం పుల్ల (స్పోక్) ఒకటి వదులై రిమ్ము ఊగినా, చిన్న కంకర రాయి టైరుకు అతుక్కున్నా ఫ్రేమును గీకుతుంది.

పోయిన వానాకాలం ఒక కుర్రాడు "ఏదో టకటకమంటోంది అన్నా" అని సైకిల్ తెచ్చాడు. వెనక చక్రం విప్పి చూస్తే కుడి గొట్టం లోపలి వైపు రంగంతా పోయి, వేలిగోరంత మేర అల్యూమినియం తళతళలాడుతోంది. వేలితో తడిమితే గుంట తగిలింది. ఊళ్లో ఎవరిదో చూసి, సందు చూసుకోకుండా 2.4 ఎక్కించుకున్నాడు. టైరు మార్చగలిగాను గానీ, అరిగిన గొట్టాన్ని నేనేం చేయగలను? ఆ రోజు నుంచే నా గల్లాపెట్టె పక్కన పెన్సిల్ పెట్టుకున్నాను.

ఇక రిమ్ము. టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలి అంచు నుంచి లోపలి అంచుకు స్కేలుతో కొలువు. కొన్ని రిమ్ముల స్టిక్కర్ మీద 584 × 21 అని రాసే ఉంటుంది, అందులో 21 అదే. అది 19 నుంచి 21 మధ్య ఉంటే 2.25 దాకా నిశ్చింతగా వేసుకో. దాని మీద 2.4 ఎక్కదని కాదు, ఎక్కుతుంది. కానీ కింద సన్నగా, పైన ఉబ్బుగా బల్బులా కూర్చుంటుంది. గాలి తగ్గించి మలుపు తిప్పావంటే టైరు పక్కకు ఒరిగి, కింద నేలే కదిలినట్టు అనిపిస్తుంది. 2.4 వేసుకుని సుఖపడాలంటే లోపలి వెడల్పు 25 మి.మీ. అయినా ఉండాలి. నీ దోస్తులు చెప్పింది వాళ్ల సైకిళ్లకు నిజమే కావచ్చు.

సన్న టైరు తేలిగ్గా పోతుందన్న మాట మన నల్ల సైకిళ్ల కాలం నుంచీ వింటున్నదే. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఒకే గాలి ఉన్నప్పుడు వెడల్పు టైరు నేలకు ఆనే చోటు పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. సన్న టైరుది నిలువుగా, పొడుగ్గా ఉంటుంది. పొడుగ్గా ఆనినప్పుడు రబ్బరు ఎక్కువ నలుగుతుంది, నువ్వు తొక్కిన బలం కొంత ఆ నలుగుడుకే పోతుంది. నున్నటి తారు మీద మామూలుగా వేగాన్ని తినేది వెడల్పు కాదు, టైరు మీది ఎత్తు బుడిపెలు. ఝుయ్‌మని చప్పుడు వస్తుంది చూడు, అదంతా నీ కాళ్ల బలమే. మొరం మీదికి వస్తే కథ వేరు. గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ప్రతి రాయికీ నిన్ను ఎత్తి కుదేస్తుంది. 68 కిలోల మనిషిని అడుగడుక్కూ ఎత్తడానికి పోయిన బలం ముందుకు పోవడానికి మిగలదు.

నమ్మకం కుదరకపోతే నువ్వే చూసుకో. ఏదైనా మొరం దిగుడు చూసుకుని, టైర్లలో 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి పెట్టి, తొక్కకుండా పై నుంచి వదిలెయ్. సైకిల్ ఆగిన చోట రాయి పెట్టు. 28కి తగ్గించి మళ్లీ వదులు. ధర్మసాగర్ వైపు ఒక దిగుడులో నేను చేసినప్పుడు, తక్కువ గాలితో పోయినప్పుడే రాయి దాటి ముందుకు వెళ్లాను.

వెడల్పు టైరు కొత్త ఫ్యాషనేమీ కాదు. అమెరికాలో ష్విన్ కంపెనీ 1933లోనే 2.125 అంగుళాల బెలూన్ టైర్లు తెచ్చింది. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు అలాంటి బెలూన్ టైర్ల పాత సైకిళ్లేసుకుని కొండ బాటల్లో దూసుకు దిగేవాళ్లు. మౌంటెన్ బైక్ పుట్టింది అక్కడే. అంటే ఇప్పుడు నీ సైకిల్‌కున్న కొలతకూ వాళ్ల టైర్ల కొలతకూ పెద్ద తేడా లేదు. 2.1 అంటే చిన్నతనంగా అనుకోకు.

తేల్చి చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. పెన్సిల్ పట్టి, రిమ్ము 19కి తగ్గకుంటే ముందు 2.25, వెనక 2.1 వేసుకో. ముందు టైరుకు అంచుల్లో బుడిపెలు గట్టిగా, ఎత్తుగా ఉండాలి. వెనకదానికి మధ్యలో బుడిపెలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. ముందు చక్రం జారితే మనిషి కింద పడతాడు. వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. అందుకే పట్టు ముందుకు, తేలిక వెనక్కు. నీ తిరుగుడులో ఎక్కువ భాగం తారు మీదే కాబట్టి వెనక ఈ పొట్టి బుడిపెల టైరు రోజూ నీ మోకాళ్లను కాపాడుతుంది. ట్యూబు మీద 1.9–2.35 అని ఉంటే అదే రెండింటికీ సరిపోతుంది. పెన్సిల్ పట్టకపోతే రెండూ 2.1 వేసుకో, ఏ నష్టమూ లేదు.

గాలి సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. నా అనుభవంలో పావు అంగుళం వెడల్పు కంటే అయిదు పీఎస్‌ఐ తేడా ఎక్కువ పని చేస్తుంది. నీ బరువుకు తారు మీద 38–40, మొరం మీద ముందు 28, వెనక 31తో మొదలుపెట్టు. టైరు పక్కన రాసిన హద్దులు దాటకు. లారీలకు గాలి కొట్టే చోట అందాజాగా కొట్టించుకోకు, గాలి ఎంతుందో చూపే ముల్లు ఉన్న పంపు ఒకటి కొనుక్కో. గాలి మరీ తక్కువైతే రాయికి, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ఒక్కటే చుక్క కనిపిస్తే అది పల్లేరు కాయో, సర్కారు తుమ్మ ముల్లో. దానికి ఎంత వెడల్పు టైరూ అడ్డం కాదు.

ప్రశ్న: అన్నయ్యా, మాది జమ్మికుంట. మా బాబు తొమ్మిదో తరగతి. వాడి గేర్ల సైకిల్ వెనక టైరు చీలిపోతే దుకాణంలో 26 టైరు అని అడిగి తెచ్చాను. ఎంత సర్దినా రిమ్ము మీద వదులుగా ఉంటోంది. పాతదాని మీద 26 × 1.95, కొత్తదాని మీద 26 × 1⅜ అని ఉంది. రెండూ 26 కదా, ఎందుకు పట్టట్లేదు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక మాట. ఆ టైరు పెట్టి గాలి మాత్రం కొట్టించకండి. ట్యూబు పక్క నుంచి బయటికొచ్చి పేలిపోతుంది.

రెండింటి మీదా 26 అనే ఉంటుంది గానీ రిమ్ములు వేరు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో నంబరు ఉంటుంది, వెలుతురులో పెట్టి చూడండి. బాబు పాత టైరు మీద 50-559 లాంటిది కనిపిస్తుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మి.మీ.లోనే. మీరు తెచ్చినదాని మీద చివర 590 ఉంటుంది. అది పాత తరహా లేడీస్ సైకిళ్లకు వచ్చే కొలత. 559కీ 590కీ 31 మి.మీ. తేడా, అంగుళం పైనే. వదులుగా ఉండక ఏం చేస్తుంది?

చాలామందికి తెలియని విషయం ఇది. 26 తర్వాత చుక్క పెట్టి 1.95, 2.1 అని రాస్తే మౌంటెన్ బైక్‌ది, 1⅜ అని భిన్నంలో రాస్తే వేరేది. ఈసారి 26 అని అడక్కండి, 559 అని అడగండి. వాడని టైరే కాబట్టి బిల్లు తీసుకెళ్తే మార్చి ఇస్తారు. బడికి పోయి వచ్చే పిల్లాడికి 1.95 చాలు, మధ్యలో గీత తెగకుండా నున్నగా ఉన్న రకం తీసుకోండి.

ప్రశ్న: నమస్కారం బాబూ. నేను పరకాల దగ్గర రిటైర్డ్ టీచర్‌ను, 61 ఏళ్లు. చేను దాకా 4 కిలోమీటర్ల రేగడి బాట. వానాకాలం నా 26 × 1.95 టైర్లు కూరుకుపోతున్నాయి. ఇంకా వెడల్పువి వేయిస్తే తేలుతుందా?

జవాబు: సార్, వాగు ఇసుకలో అయితే తేలుతుంది. రేగడిలో మాత్రం వద్దు.

ఇది నేను పడి నేర్చుకున్నది. నా సైకిల్‌కు 2.35 వేసిన కొత్తలో మీ వైపే పత్తి చేల బాటలోకి దిగాను. రాత్రి వాన పడి వెలిసింది. వంద గజాలు కూడా పోలేదు, టైరు మీద మట్టి చుట్టుకోవడం మొదలైంది. ఒక్కో తిరుగుడుకు ఒక్కో పొర. చివరికి ఫోర్కు వంపు కింద సందంతా రొట్టె ముద్దలా మట్టి బిగిసి చక్రమే ఆగిపోయింది. తంగేడు పుల్ల విరిచి గీకితే పుల్ల విరిగింది గానీ మట్టి రాలేదు. సైకిల్‌ను భుజాన వేసుకుని తారు రోడ్డు దాకా నడిచాను. మట్టితో అది రెట్టింపు బరువనిపించింది.

వెడల్పు టైరు ఎక్కువ మట్టిని పట్టుకుంటుంది, అది రాలిపోవడానికి ఉన్న సందునూ తనే మింగేస్తుంది. మీ 1.95 వెడల్పే ఉంచుకోండి, రకం మార్చండి. బుడిపెలు ఎత్తుగా, దూరం దూరంగా ఉండాలి. అప్పుడు చక్రం తిరుగుతుంటే వాటి మధ్య మట్టి దానంతటదే ఊడిపోతుంది. మడ్‌గార్డులు ఈ నాలుగు నెలలు విప్పి పెట్టండి, మొదట మట్టి బిగిసేది వాటి కిందే. మీకు వి-బ్రేకులు (రెండు చేతులతో రిమ్మును పట్టే రకం) ఉంటే ఆ చేతుల మధ్య కూడా ఇరుక్కుంటుంది, ఆగినప్పుడల్లా పుల్లతో తీసేయండి. వరుసగా రెండు రోజులు వాన పడితే ఏ టైరు వేసినా ఆ బాటలో పోలేరు సార్, ఆ రోజు సైకిల్‌ను తారు రోడ్డు దగ్గరే తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టి గట్టు మీది గడ్డి వెంట నడిచి పొండి.

ఇప్పుడున్న టైర్లు పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట పెట్టుకుంటే పత్తి తీతల నాటికి బాట గట్టిపడుతుంది, అప్పుడు మళ్లీ ఎక్కించుకోవచ్చు.